పడిపోని శిష్యులు కావాలి

యుద్ధవిద్యలు నేర్చినవాళ్లు నలుగురు ఒకచోట చేరితే ఇప్పుడు ముందుగా బయటికొచ్చేది ఫోన్. ఎక్కడో ఒక దేశంలో గురువుగారొకరు అరచేతులు చాచి గాలిని నెడతారు. పది అడుగుల అవతల బారుగా నిలబడ్డ శిష్యులు వెల్లకిలా పడతారు. ఒకడు మాత్రం పక్కవాళ్లు పడ్డాక, వెనక్కి తిరిగి చోటు చూసుకుని మరీ పడతాడు. వీడియోని వెనక్కి జరిపి ఆ ఒక్కణ్ణే మళ్లీ మళ్లీ చూస్తాం. కడుపు చెక్కలయ్యేలా నవ్వుతాం. అందరితో పాటు నేనూ నవ్వుతాను. పిడికిలి తోలు ఊడేలా ఏళ్ల తరబడి సాధన చేసినవాడికి నవ్వు రాకుండా ఎలా ఉంటుంది? కానీ నవ్వు ఆగాక నా చూపు గురువుగారి మీద నిలవదు. పడినవాళ్ల మీదికి పోతుంది. వాళ్లెందుకు పడ్డారు?

ఈ ప్రశ్న నన్ను గట్టిగా పట్టుకున్నది పామేడులో. ఆ ఊరు ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాది. అయినా చర్లలో ఉండే మాకు అది పొరుగూరే. చాలా ఏళ్లు అక్కడివాళ్లు తమ జిల్లా కేంద్రానికి పోవాలన్నా చర్ల మీదుగా తెలంగాణలోకి వచ్చి చుట్టు తిరిగి పోవాల్సి వచ్చింది. ఉప్పు, పప్పు, బట్టలు, ఆసుపత్రి, అన్నీ ఇటువైపే. అందుకే అక్కడి పిల్లలు ఇంట్లో తమ మాట మాట్లాడుకున్నా బజారుకొస్తే తెలుగు అందుకుంటారు. ఆ ఊరి పేరుతోనే 262 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం ఉంది. అడవి దున్నల కోసం ప్రకటించిన అడవి అది. దశాబ్దాలుగా పేపర్లో పామేడు పేరు కనిపిస్తే పక్కన ఎదురుకాల్పులో, మందుపాతరో ఉండేవి. ఇవాళ ఆ పేరు పక్కన కరాటే అని రాయగలుగుతున్నందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. 2024లో బస్తర్ ఒలింపిక్స్ మొదలయ్యాయి. విలువిద్య, కబడ్డీ, ఖోఖోలతో పాటు కరాటేనీ అందులో చేర్చారు. అడవి దున్న, కొండ మైనా ఆ పోటీల గుర్తులు. పేరిచ్చి ఆడాలని ఆశపడే పిల్లలకు నాలుగు మెలకువలు చెప్పమని కబురొస్తే చర్ల నుంచి నేను వెళ్తుంటాను.

సాధన మొదలయ్యేలోపు అక్కడి మగపిల్లలు ఒక ఆట ఆడతారు. ఒకడు "హా" అని అరిచి చెయ్యి ఊపుతాడు. మిగతావాళ్లు మట్టిలో దొర్లుతారు. అందరికన్నా బాగా పడినవాడికి తర్వాత గురువు వంతు. అంతా ఫోన్‌లో చూసి పట్టిన విద్యే. వాళ్లలో అందరికన్నా చిన్నవాడు ఒకరోజు మిగతావాళ్లు నీళ్లు తాగడానికి పోయేదాకా ఆగి నా దగ్గరికొచ్చాడు.

"సార్, నల్ల బెల్టు వచ్చినాక నిజంగానే అట్లా పడగొట్టొచ్చా?"

వాడి ముఖంలో నవ్వు లేదు. మాకు వినోదమైన వీడియో వాడికి కరాటేలో మొదటి పాఠం.

"రాదు నాన్నా" అన్నాను.

"మరి వాళ్లెందుకు పడుతున్నరు?"

ఆ పిల్లవాడికి ఉన్న జవాబంతా చెప్పాలంటే అసలు పడటం అనే విద్య దగ్గర మొదలుపెట్టాలి. జూడో నేర్పేచోట ముందు పడటం నేర్పుతారు. గడ్డం ఛాతీకి ఆనించి, వీపు గుండ్రంగా వంచి, నేల తగిలే క్షణంలో అరచేత్తో గట్టిగా చరచాలి. తల నేలకు తగలకూడదు. ఐకిడోలో మణికట్టు మెలిపెట్టినప్పుడు ఎదుటివాడు ఒంటిని ఆ మెలికతో పాటు దొర్లించకపోతే కీలు దెబ్బతినొచ్చు. అంటే పడటం మొదట్లో రక్షణ. రోజూ పడగా పడగా అది అలవాటవుతుంది. గురువు భుజం కదిలీ కదలకముందే శిష్యుడి మోకాళ్లు సడలుతాయి. ఆ తర్వాత దాంట్లోకి మర్యాద వచ్చి చేరుతుంది. పదిమంది చూస్తుండగా పెద్దాయన తోస్తే కదలకుండా నిలబడటం ఎంత కష్టమో మన ఇళ్లలో పెరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు. పెద్దల ముందు కాలు మీద కాలు వేసుకోవడానికే జంకుతాం, ఇక గురువుని నలుగురిలో చిన్నబుచ్చుతామా? ఏళ్లు గడిచేకొద్దీ ఆ మర్యాదే నమ్మకంగా ముదురుతుంది. ముందు శిష్యుడికి, చివరికి గురువుకి కూడా. ఈ చివరిదే నన్ను కలతపెడుతుంది. ఆ గురువులందరూ మోసగాళ్లు కారు. తాము చెయ్యి ఊపితే మనుషులు పడతారని మనసా వాచా నమ్మినవాళ్లు వాళ్లలో ఉన్నారు. ఎదురుగా నిలబడ్డ ప్రతివాడూ రోజూ పడుతుంటే నమ్మక ఏం చేస్తారు?

జపాన్‌లో యానగి ర్యుకెన్ అనే పెద్దాయన అలా నమ్మినవాడే అనిపిస్తుంది. ఆయన చెయ్యి ఊపితే శిష్యులు గుంపులుగా పడిపోయేవారు. 2006లో ఇవాకురా గో అనే ఫైటర్‌తో బహిరంగంగా తలపడటానికి ఒప్పుకున్నాడు. మోసమని తెలిసినవాడు అలాంటి పందేనికి దిగడు. అక్కడా అలాగే చేతులాడించాడు. ఇవాకురా నేరుగా వచ్చి ముఖం మీద కొట్టాడు. ఆ దెబ్బకి ఆయన ముఖం తడుముకుంటూ నిలబడిపోవడం చూస్తే నాకు నవ్వు రాదు. తన విద్యకి తలవంచని మనిషి ఆయనకి ఎన్నేళ్లకి ఎదురుపడ్డాడో! అమెరికాలో జార్జ్ డిల్‌మన్ బృందం కూడా ముట్టుకోకుండా పడగొట్టేది. నేషనల్ జియోగ్రాఫిక్ ఛానెల్ పరీక్షకు పెడితే, నమ్మకం లేని మనిషి ఒకడు చెక్కుచెదరకుండా నిలబడ్డాడు. అతని నాలుక నోట్లో ఉన్న తీరు వల్లో, కాలి బొటనవేలు పైకెత్తి ఉంచడం వల్లో శక్తి పనిచేయకపోయి ఉండొచ్చని డిల్‌మన్ వివరణ. చైనాలో 2017లో వెయ్ లెయ్ అనే తైచీ గురువు షు షియావోడాంగ్ అనే ఫైటర్ ముందు ఇరవై సెకన్లు నిలవలేకపోయాడు. అంతకు రెండేళ్ల ముందు అదే వెయ్ లెయ్ టీవీలో అరచేతి మీది పావురాన్ని ఎగరనివ్వకుండా ఆపి చూపించాడు. 2020లో మా బావ్‌గువో అనే అరవై తొమ్మిదేళ్ల మాస్టర్ అర నిమిషంలో మూడుసార్లు నేలకూలాడు. అంతకు కొన్ని నెలల ముందే, వేరే తలపాటులో దెబ్బతిని వాచిన కంటితో కెమెరా ముందుకొచ్చి, ఎదుటివాళ్లు యుద్ధనీతి పాటించలేదని వాపోయాడు. ఆ ముక్కలు కోసి, పాటలు కట్టి, చైనా అంతా నెలల తరబడి ఎంత నవ్వుకుందంటే, చివరికి పీపుల్స్ డైలీ పత్రిక కలగజేసుకుని ఇక చాలని మందలించింది.

వీటన్నిటికీ విరుగుడు కొత్తదేం కాదు. 1882లో టోక్యోలో ఒక బౌద్ధాలయంలో, పన్నెండు చాపల జాగాలో జిగోరో కానో అనే యువకుడు కొడోకాన్ పెట్టాడు. పాత జుజుత్సు పట్లలో ప్రాణం తీసేవాటిని పక్కనపెట్టి, మిగిలినవాటితో శిష్యుల్ని నిజంగా పెనుగులాడమన్నాడు. రాండోరి అంటారు దాన్ని. ఇందులో ముందుగా అనుకున్న అడుగులుండవు. ఎదుటివాడు నీ కోసం పడడు, నువ్వే పడగొట్టాలి. చూడ్డానికి అందంగా ఉండదు, చొక్కాలు పట్టుకుని లాగులాట. కానీ ఆ లాగులాటలోంచే జూడో ఒలింపిక్స్ దాకా వెళ్లింది. నా దృష్టిలో యుద్ధవిద్యల చరిత్రలో కానో చేసినంత మేలు ఇంకెవరూ చేయలేదు. శిష్యుడికి పడకుండా ఉండే హక్కు ఇచ్చాడాయన.

మన దగ్గర గాలిలో నెట్టి పడగొట్టేవాళ్లు తక్కువే. మనకున్న జబ్బు వేరు. స్కూలు వార్షికోత్సవంలో కరాటే అనగానే పెంకులు, ట్యూబులైట్లు, పొట్ట మీదుగా బైకులు. 1999లో 'తమ్ముడు' సినిమాలో పవన్ కల్యాణ్ చేతి మీదుగా కారు పోయింది చూసి పూనకం వచ్చిన తరం మాది. ఆయన ఒళ్లు దాచుకోకుండా చేసిన పని అది. దానిమీద నాకు గౌరవం ఉంది. ఆ తర్వాత ఊరూరా మొదలైన అనుకరణ మీద లేదు. కారు టైరులో ముప్పై పాయింట్ల గాలి ఉంటే చేతి మీద పడే బరువు చదరపు సెంటీమీటరుకు రెండు కిలోలకు కాస్త ఎక్కువ. మెత్తటి టైరు మెల్లగా ఎక్కి దిగితే చాలామంది చేతులు తట్టుకుంటాయి. చెయ్యి అటూ ఇటూ కదిలితే మాత్రం వేళ్లు నుజ్జవుతాయి. ఛాతీ మీద బండ పెట్టి సుత్తితో కొట్టేచోట బండ ఎంత బరువైతే కింద ఉన్నవాడు అంత క్షేమం. దెబ్బని ఆ బరువే మింగేస్తుంది. బెంగుళూరు పెంకుల మధ్య సందు వదిలి పేరిస్తే ఒక్కోటి విడివిడిగా విరుగుతుంది. సందు లేకుండా పేర్చి కొట్టమనండి, తేడా తెలుస్తుంది. ట్యూబులైట్ల సంగతి చెప్పాలంటే నాకు కోపమే వస్తుంది. వాటిలో పాదరసం ఉంటుంది. పగలగొట్టాక ఎగిరే తెల్లపొడిని ముందు వరసలో కూర్చున్న ఒకటో తరగతి పిల్లలు పీలుస్తారు. ఆత్మరక్షణ నేర్పుతామని పిలిచి పిల్లలకి పెట్టేది ఇదా?

ప్రదర్శనలే వద్దనడం లేదు నేను. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో వ్యాయామం నేర్పిన కోడి రామమూర్తి నాయుడు చేసినవీ ప్రదర్శనలే. ఒంటికి చుట్టిన ఇనుప గొలుసుని ఊపిరి బిగించి తెంచేవాడు. ఛాతీ మీద చెక్క వేసుకుని ఏనుగుని ఎక్కించుకునేవాడు. కార్లకి తాళ్లు కట్టించి కదలకుండా ఆపేవాడు. 1942లో ఆయన పోయినా ఉత్తరాంధ్రలో ఆ పేరు చెబితే ఇప్పటికీ మనుషులు నిటారుగా కూర్చుంటారు. ఆయన చూపించింది బలం, చెప్పిందీ బలమనే. గొలుసు తెంచి చూపించి, దీంతో పదిమందిని గాలిలో ఎగరేస్తానని చెప్పలేదు.

మళ్లీ పామేడు. మర్యాదకి పడటం అన్న మాట ఆ చిన్నవాడికి నేను ఎలా చెప్పినా ఎక్కలేదు. చివరికి వాడికి తెలిసిన చోటికే వెళ్లాను. బస్తర్ సంతల్లో కోడిపందేలు వాడు చూడనివి కావు. "ఎదుటి కోడి పెద్దదని మన కోడి తనంతట తాను పడుద్దా?" అన్నాను. పకపకా నవ్వాడు. పడదన్నాడు. వీడియోలో మనుషులు మాత్రం తమంతట తామే పడుతున్నారని అప్పుడు వాడికి అర్థమైంది. ఆ అడవుల్లో బాణం వేసే పెద్దల్ని చూస్తూ పెరిగిన పిల్లలు వీళ్లు. బాణం తగిలిందో తప్పిందో అందరికీ కనిపిస్తుంది. అలాంటి చూపున్న పిల్లలకి అబద్ధపు కరాటే నేర్పడం అన్యాయం.

అందుకే ఏ మెలకువ నేర్పినా చివర్లో ఒక వంతు పెట్టాను. ఆ వంతులో ఎదుటివాళ్లు లొంగకూడదు. మొదట మణికట్టు పట్టు విడిపించుకోవడం. పుస్తకంలో ఇది చిన్న పాఠం. పట్టుకున్న చేతిలో బొటనవేలికీ మిగతా వేళ్లకీ మధ్య ఎప్పుడూ ఒక సందు ఉంటుంది. నీ మణికట్టు సన్నటి అంచుని ఆ సందుకి ఎదురుగా తిప్పి, మోచేతిని ముందుకు తోస్తూ లాగెయ్యాలి. మగపిల్లలు ఒకరితో ఒకరు చేసినంతసేపూ చిటికెలో వచ్చేసింది. పట్టినవాడు వేళ్లు సడలిస్తాడు, విడిపించుకున్నవాడు పోజు పెడతాడు. తర్వాత ఒక అమ్మాయిని పట్టుకోమన్నాను. కట్టెలు కొట్టి, బిందెలు మోసిన చేతులవి. అందరికన్నా పొడుగుపిల్లాడి మణికట్టు పట్టింది. వాడు తిప్పాడు, గుంజాడు, భుజం వేసి లాగాడు. ఆమె కాళ్లు మట్టిలో గీతలు పడేలా జరిగాయి గానీ వేళ్లు ఊడలేదు. చుట్టూ గోల. వాడు బిక్కమొహంతో నా వైపు చూశాడు. దగ్గరికెళ్లి చూస్తే వాడు అరచేతి వెడల్పుతో ఆమె నాలుగు వేళ్ల మీదికి లాగుతున్నాడు, అన్నిటికన్నా బలమున్న వైపుకి. చెయ్యి పావు వంతు తిప్పించి, మోచెయ్యి ఆమె మోచేతి వైపు తోయమన్నాను. ఊడింది. ఈసారి ఆమె సడలించలేదు, అయినా ఊడింది. వాడు తన మణికట్టు మీది ఎర్రటి వేలిముద్రలు చూసుకుంటూ, "మళ్లీ పట్టుకో" అన్నాడు. నేర్పేవాడిగా ఆ మాట కన్నా నాకు కావలసింది ఇంకేం లేదు.

అప్పటినుంచి ఆ అమ్మాయి చేతి నుంచి విడిపించుకోవడం అక్కడ పెద్ద పరీక్ష అయిపోయింది. నా చెయ్యి కూడా పట్టుకుంది. మొదటి ప్రయత్నానికి ఊడలేదు. పిల్లలు నోళ్లు మూసుకుని నవ్వు ఆపుకుంటుంటే, నవ్వండర్రా అన్నాను.

వచ్చే ఆగస్టు 15కి జెండా ఎగరేశాక పిల్లలతో ఏదన్నా చేయించమని పెద్దలు అడిగారు. ట్యూబులైట్లు మేం తెప్పిస్తామన్నారు. వద్దని చెప్పాను. చూడ్డానికి వచ్చినవాళ్లలో ఎవరైనా సరే వచ్చి మా పిల్లల చెయ్యి పట్టుకోవచ్చని ప్రకటిద్దామన్నాను. జనానికి రక్తి కట్టదేమోనని వాళ్ల సందేహం. పిల్లల్లో కొందరికీ అదే భయం.

"గట్టోళ్లు ఎవరన్నా వచ్చి పట్టుకుంటే, ఊడకపోతే ఎట్లా సార్?" అందా అమ్మాయి.

"ఊడలేదని మైకులో చెప్దాం. ఎందుకు ఊడలేదో కూడా చెప్దాం."

కాసేపు ఆలోచించింది.

"అయితే మైకు నాకియ్యండి" అంది.