గోళీసోడాలో హెన్రీ లెక్క

200 మిల్లీలీటర్ల గోళీసోడాలో 600 మిల్లీలీటర్లకు పైగా గ్యాసు ఉంటుంది. తనకు మూడింతలున్న గ్యాసును ఆ సీసా ఎలా ఇముడ్చుకుంది? సోడా నింపేవాళ్లు ఈ ప్రశ్నకు చేతులతో జవాబు చెబుతారు. నీళ్లు చల్లబరుస్తారు, గాలి తీసేస్తారు, గ్యాసు ఎక్కిస్తారు, సీసాను గిరగిరా తిప్పుతారు. ఇందులో ఏదీ ఉత్తుత్తి అలవాటు కాదు. ఒక్కో పని వెనక ఒక్కో లెక్క ఉంది.

నీళ్లలోకి గ్యాసు పంపే విద్య ఇంగ్లండులో మొదలైంది. లీడ్స్ పట్టణంలో బీరు తయారీశాల పక్కన కాపురమున్న జోసెఫ్ ప్రీస్ట్లీ, 1767లో పులుస్తున్న తొట్టిపై నీళ్లగిన్నె వేలాడదీసి, ఆ నీళ్లకు కమ్మని పులుపు రావడం గమనించాడు. 1783లో జెనీవాలో జేకబ్ ష్వెప్ దాన్ని వ్యాపారం చేశాడు. అయితే ఎంత ఒత్తిడికి ఎంత గ్యాసు కరుగుతుందో కొలిచి చెప్పింది మాంచెస్టర్‌కు చెందిన విలియం హెన్రీ. ఆయన తండ్రి థామస్ హెన్రీ మందుల తయారీదారు, కృత్రిమ ఖనిజ జలాలు తయారుచేసినవాడు. అంటే ఈ శాస్త్రం సోడా ఉన్న ఇంట్లోనే పుట్టిందన్నమాట.

1803లో హెన్రీ చెప్పింది ఇంతే: ఉష్ణోగ్రత మారకపోతే, నీళ్లలో కరిగే గ్యాసు, నీటిపై ఆ గ్యాసు చూపే ఒత్తిడిని బట్టి పెరుగుతుంది. ఒత్తిడి రెట్టింపైతే కరిగేదీ రెట్టింపే. 25 డిగ్రీల దగ్గర, ఒక వాతావరణ పీడనానికి, లీటరు నీళ్లలో సుమారు 1.5 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ కరుగుతుంది. నాలుగు వాతావరణాల ఒత్తిడి పెడితే 6 గ్రాములు. 200 మిల్లీలీటర్ల సీసాకు 1.2 గ్రాములు. దాన్ని బయటికి వదిలితే దాదాపు 670 మిల్లీలీటర్ల చోటు ఆక్రమిస్తుంది. మొదట చెప్పిన అంకె వచ్చింది ఇక్కడినుంచే. ఏ గ్యాసుకు ఆ గ్యాసు లెక్క వేరు. అదే ఒత్తిడికి నైట్రోజన్ కరిగేది, ఘనపరిమాణంలో చూస్తే, ఇందులో సుమారు యాభయ్యో వంతే.

ఇక పనివాళ్ల కిటుకులు. మొదటిది చల్లదనం. 5 డిగ్రీల నీళ్లలో ఒక్కో వాతావరణానికి సుమారు 2.8 గ్రాములు కరుగుతాయి. అంటే 25 డిగ్రీల నీళ్లకు నాలుగు వాతావరణాలు పెట్టి సాధించే ఘాటు, చల్లటి నీళ్లకు రెండుంపావు లోపే వస్తుంది. తక్కువ ఒత్తిడితో పని అవుతుంది, నింపేటప్పుడు సీసాకూ క్షేమం.

రెండోది గాలి తీసెయ్యడం. హెన్రీ నియమంలో లెక్కకు వచ్చేది మొత్తం ఒత్తిడి కాదు, ఆ గ్యాసు తాలూకు వాటా మాత్రమే. ఈ వాటాల సంగతి హెన్రీ స్నేహితుడు జాన్ డాల్టన్ విడమరిచాడు. ఒత్తిడి కొలిచే గేజి ముల్లు 4 చూపిస్తోందనుకోండి. గేజి బయటి గాలి ఒత్తిడిని లెక్కలోకి తీసుకోదు కనుక సీసాలో నిజంగా ఉన్నది 5. గాలి పూర్తిగా పోయి ఉంటే ఆ 5 కార్బన్ డయాక్సైడ్‌దే, లీటరుకు 7.5 గ్రాములు. గాలి లోపలే ఉండిపోతే దాని వాటా 1, గ్యాసు వాటా 4, కరిగేది 6 గ్రాములే. ముల్లు అక్కడే ఉంది, ఘాటు మాత్రం అయిదో వంతు తగ్గింది.

మూడోది తిప్పడం. దీనివల్ల కరిగే పరిమాణం పెరగదు, కరిగే వేగం పెరుగుతుంది. కదలని నీళ్లలో గ్యాసు పైపొరలోనే ఆగి, నెమ్మదిగా కిందికి దిగుతుంది. తిప్పితే కొత్త నీళ్లు పదే పదే గ్యాసుకు తగులుతాయి. గంటల పని నిమిషాల్లో ముగుస్తుంది.

నాలుగోది మూత. ఇంగ్లిష్ ఇంజనీరు హైరమ్ కాడ్ 1870ల్లో పేటెంటు పొందిన సీసా ఇది. తలకిందులుగా పట్టి నింపుతారు. గోళీ మూతి దగ్గరి రబ్బరు వాషరు మీదికి జారుతుంది, లోపలి గ్యాసే దాన్ని అదిమిపెడుతుంది. ఒత్తిడి ఎంత ఎక్కువైతే మూత అంత బిగుసుకుంటుంది. 

ఈ లెక్కకు ప్రమాదం వైపు కూడా ఉంది. 5 డిగ్రీల దగ్గర నాలుగు వాతావరణాలకు నింపిన సీసాను మన వేసవిలో 40 డిగ్రీలకు వేడెక్కనిస్తే, లోపలి ఒత్తిడి దాదాపు పదికి చేరుతుంది. చల్లటి నీళ్లు పట్టుకున్న గ్యాసును వేడి నీళ్లు పట్టుకోలేవు మరి. సోడాబండి మీద తడి గోనెపట్టా కప్పడం రుచికే కాదు, ప్రాణానికీ మంచిదే.

గోళీని లోపలికి నొక్కగానే లెక్క తిరగబడుతుంది. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ వాటా 0.0004 వాతావరణం. ఆ వాటాకు లీటరు నీళ్లు నిలుపుకోగలిగేది అర మిల్లీగ్రాము పైచిలుకు మాత్రమే. మిగతాదంతా బయటికి రావాల్సిందే. కానీ బుడగ పుట్టడానికి ఆసరా కావాలి. ఆసరా దొరక్కపోతే గ్యాసు నెమ్మదిగా పోతుంది. నిమ్మసోడాలో ఉప్పు వేయగానే గ్లాసు పొంగేది అందుకే. ఉప్పు రేణువులే బుడగలకు ఆసరా.

సముద్రంలోకి దిగే డైవర్ల రక్తంలో నైట్రోజన్ కరగడం, తొందరపడి పైకి వస్తే బుడగలై ప్రాణం మీదికి రావడం కూడా హెన్రీ నియమం వల్లే. చెరువులో చేపలకు అందే ఆక్సిజన్ లెక్కా ఇదే. అందుకే ఎండాకాలం వేడి నీళ్లలో రొయ్యల చెరువులకు ఏరియేటర్లు తిప్పక తప్పదు.

ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి రసాయనశాస్త్రంలో ఒక లెక్క ఉంది: 25 డిగ్రీల దగ్గర, 2.5 వాతావరణాల ఒత్తిడితో నింపిన అర లీటరు సోడాలో కార్బన్ డయాక్సైడ్ ఎంత? పై అంకెలతో నోటిలెక్క వేసినా 1.9 గ్రాములకు దగ్గరగా వస్తుంది. హెన్రీ నియమాన్ని బట్టీ పట్టిస్తున్న మాస్టార్లకు ఒక్క మనవి. ఈ లెక్క బోర్డు మీద చేయించాక, పిల్లల్ని దగ్గర్లో గోళీసోడా నింపేచోటికి తీసుకెళ్లండి. గేజి చూపించి, నీళ్లెందుకు చల్లబరిచారో, గాలెందుకు తీశారో ఆ పనివాళ్లనే అడిగించండి. ఈ పాఠానికి అంతకన్నా మంచి ప్రయోగశాల లేదు.