ఖిజ్ర్ మిగిలి, మూసా తప్పిపోయిన పాఠం

కృష్ణా డెల్టా పాఠకునికి ‘ప్రత్యామ్నాయ ఉన్నత విద్య’ అన్న మాట కొత్తగా తోచవచ్చు గాని, ఆ వస్తువు కొత్తది కాదు. 1907లో బిపిన్ చంద్రపాల్ ఉపన్యాసాలు విన్న బందరు, 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను నిలబెట్టుకున్నది. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య దానికి పూనుకున్న పెద్దలు. సర్కారు కొలువు కోసం కాని చదువు, చేతిపని, చిత్రకళ అక్కడి ఆశయాలు. 1920ల్లో అక్కడ చిత్రకళ నేర్పిన ప్రమోదకుమార చటర్జీ సాధువుల వెంట, తాంత్రికుల వెంట ఏండ్ల తరబడి తిరిగిన మనిషి. ఆ అనుభవాలను బెంగాలీలో గ్రంథస్థం చేసినవాడు. ఆయన శిష్యుడు అడివి బాపిరాజు 1935 నుండి 1939 వరకు ఆ కళాశాలకే ప్రిన్సిపాలుగా ఉన్నారు. నిగూఢ సాధనల రుచి తెలిసిన గురువు, పురాణ ప్రతిమలకు రంగులద్దే శిష్యులు, విశ్వవిద్యాలయపు నీడ సోకని ఆవరణ - ఇవన్నీ బందరులో ఒకచోట చేరాయి.

సరిగ్గా ఆ కాలంలోనే, 1933లో, స్విట్జర్లాండులోని అస్కోనా గ్రామంలో ఒక సరస్సు ఒడ్డున ‘ఎరానోస్’ పేరిట ఏటేటా పండిత గోష్ఠులు మొదలయ్యాయి. కార్ల్ యూంగ్ అనే మనోవైద్యుడు వాటికి కేంద్ర పురుషుడు. స్వప్నాలు, పురాణగాథలు, రసవాద గ్రంథాలు, తూర్పు దేశాల సాధనా మార్గాలు అక్కడి చర్చనీయాంశాలు. తరువాత ఈ చదువు జ్యూరిచ్‌లోని యూంగ్ సంస్థకు, అటుపిమ్మట అమెరికాకు పాకింది. 1968లో హరిదాస్ చౌధురి అనే బెంగాలీ తత్త్వవేత్త శాన్‌ఫ్రాన్సిస్కోలో స్థాపించిన సంస్థ, ఆ రాష్ట్రంలోనే శాంతా బార్బరా దగ్గర వెలసిన పసిఫికా సంస్థ ఈ త్రోవలోనివే. మనోవిజ్ఞానం, పురాణశాస్త్రం, ఆధ్యాత్మికత అక్కడ ఒకే బల్ల మీద పరిచిన పుస్తకాలు.

ఈ సంగతి ముస్లిం పాఠకునికి ఎందుకు పట్టాలంటే, ఆ బల్ల మీద దివ్య ఖుర్‌ఆన్ కూడా ఉన్నది. 1939లో ఎరానోస్ గోష్ఠిలో ‘పునర్జననం’ గురించి మాట్లాడుతూ యూంగ్ ఉదాహరణగా ఎన్నుకున్నది మరేదో కాదు, సూరయె కహఫ్. ప్రతి శుక్రవారం ఇండ్లలోనూ మసీదుల్లోనూ పారాయణం చేసే 18వ సూరా. ఆ ఉపన్యాసాన్ని ఆయన 1950లో సవరించి ప్రకటించాడు. యూంగ్ చింతనను బోధించేవారు ఖిజ్ర్ గాథకు వచ్చినప్పుడల్లా ఆ వ్యాసాన్నే ఆశ్రయిస్తారు.

యూంగ్ చెప్పినదాని సారం ఇది. గుహ అంటే మనిషిలోని చీకటి గది, అచేతనం. అందులో నిద్రించినవారు మార్పు చెంది లేస్తారు. హజ్రత్ మూసా (అలైహిస్సలాం) రెండు సముద్రాలు కలిసేచోటికి ప్రయాణం కట్టారు. వెంట తెచ్చుకున్న చేప మరపున పడి నీటిలోకి జారిపోయింది. ఆ చేప పోయినచోటే ఆ మహనీయ దాసుడు ఎదురయ్యాడు. ఆ దాసుడే ఖిజ్ర్; యూంగ్ భాషలో ఆయన మనిషి లోపలి సంపూర్ణ వ్యక్తిత్వానికి ప్రతీక. మూసా (అలై) దానిని గుర్తించలేక తడబడే ‘నేను’. గాథ మొత్తం ఒక మనిషి లోలోపల జరిగే ప్రయాణం.

ఈ వ్యాఖ్యానాన్ని ఒక్క మాటతో తోసిపారేయడం తేలిక, కాని అది న్యాయం కాదు. యూంగ్‌కు అరబీ రాదు, అనువాదాల మీద ఆధారపడ్డాడు. అయినా చేప పోయిన చోటే గమ్యమన్న సూక్ష్మాన్ని పట్టుకున్నాడు. హంసలదీవి దగ్గర కృష్ణమ్మ నీరు ఎక్కడ ముగిసి సముద్రం ఎక్కడ మొదలయిందో గీత గీసి చెప్పలేక నిలబడిన వానికి, రెండు జలాల సంగమాన్ని వెతుకుతూ దానిని దాటిపోవడం ఎలా సంభవమో తెలుస్తుంది. తూర్పు ఆఫ్రికా ప్రయాణంలో తనకు తోడుగా వచ్చిన ఒక సోమాలీ ముస్లిం ఖిజ్ర్‌ను గురించి చెప్పిన సంగతులను కూడా యూంగ్ ఆ ఉపన్యాసంలో గౌరవంగా చేర్చాడు. ఖిజ్ర్ వీధిలో మనిషిగా ఎదురు కావచ్చు, వెలుగుగా కనిపించవచ్చు, గడ్డిపోచగానైనా అగుపించవచ్చునట. ఆ ఉపన్యాసంలో గాథకు అన్నిటికంటె దగ్గరగా నిలిచింది బహుశా ఈ సోమాలీ మాటలే. ఆయనకు ఖిజ్ర్ ప్రతీక కాడు, సలాం చెప్పవలసిన మనిషి.

చిక్కంతా గాథలోని మూడు సంఘటనల దగ్గర వస్తుంది. ఖిజ్ర్ పేదల పడవకు చిల్లి పెట్టాడు, ఒక బాలుణ్ణి చంపాడు, అన్నం పెట్టని ఊరిలో ఒరిగిపోతున్న గోడను నిలబెట్టాడు. మూడుసార్లూ మూసా (అలై) ఊరుకోలేకపోయారు. యూంగ్ లెక్కలో ఇది ‘నేను’ యొక్క అసహనం. కాని ఖుర్‌ఆన్ కథనాన్ని నిదానంగా చదివితే, ఆ అభ్యంతరాన్ని అజ్ఞానమని ఎగతాళి చేసిన జాడ ఎక్కడా లేదు. నిష్కారణంగా ప్రాణం తీయడాన్ని చూసి ఒక ప్రవక్త నోరు మూసుకోవడం ఎలా సాధ్యం? ధర్మశాస్త్రం (షరీఅత్) ఆయన భుజాల మీద ఉన్నది. చివరకు ఖిజ్ర్ తన చేతలను వివరించి, ఇదేదీ నా ఇష్టం వచ్చినట్లు చేసినది కాదని స్పష్టం చేస్తాడు. అంటే గాథలో మూడవవాడు ఉన్నాడు: ఆజ్ఞ ఇచ్చినవాడు. యూంగ్ వ్యాఖ్యానంలో ఆ ఆజ్ఞాపకుని చోటు ఖాళీ. ఖిజ్ర్ మనిషి లోపలే ఉంటే ఆజ్ఞ కూడా లోపలినుండే రావాలి గదా!

ఇది వట్టి పాండిత్య వివాదం కాదు. సహీహ్ ముస్లింలో ఒక ఉదంతం ఉన్నది. నజ్దా అనే ఖారిజీ నాయకుడు యుద్ధంలో పిల్లలను చంపవచ్చునా అని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి)కు జాబు వ్రాశాడు. మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) పిల్లలను చంపలేదు గనుక నీవూ చంపరాదని ఆయన బదులు వ్రాయించి, ఖిజ్ర్‌కు ఆ బాలుని విషయంలో తెలిసినది నీకు తెలిస్తే అది వేరు సంగతి అన్నారు. ఎంత పదునైన జవాబు! ఖిజ్ర్ పేరు చెప్పుకుని ధర్మం దాటాలనుకునే ప్రతివాని ముఖం మీద తలుపు మూసినట్లయింది.

గాథను అంతర్‌ నాటకంగా మార్చగానే ఆ తలుపు తిరిగి తెరుచుకుంటుంది. చనిపోయిన బాలుడు పసితనానికి ప్రతీక అయిపోతాడు, గుండె తడబడవలసిన పని లేదు. ఆ తరువాత తరగతి గదిలో విద్యార్థి ముందు నిలబడిన ఆచార్యుడే ఖిజ్ర్ వేషం కట్టవచ్చు. ‘నీకిప్పుడు అర్థం కాదు, ఓపిక పట్టు’ అన్న మాట గురువు నోట వచ్చినప్పుడు, ప్రశ్నించే మూసా పాత్ర విద్యార్థికి నేర్పబడలేదు. ఈ రోగం కాలిఫోర్నియాకే పరిమితమా? నమాజు మామూలు జనానికి, తనకు వేరే ఇల్మ్ ఉన్నదని ఖిజ్ర్‌ను సాక్ష్యం తెచ్చుకునే దొంగ పీరు చేసేదీ ఇదే. యూంగ్‌ను ఖండించే ముస్లిం పండితుడు ఈ పీరును వదిలిపెడితే అతని ఖండన సగమే.

ఎరానోస్‌లోనే దీనికి ఒక సవరణ వచ్చింది. ఆన్రీ కోర్బాఁ అనే ఫ్రెంచి పండితుడు 1949 నుండి ఆ గోష్ఠులలో పాల్గొన్నాడు. 1958లో వెలువడిన ఆయన గ్రంథం షేఖ్ ఇబ్నె అరబీ చింతనలో సృజనాత్మక భావనాశక్తి గురించినది. కోర్బాఁకు అరబీ, ఫార్సీ రెండూ క్షుణ్ణం. ఖిజ్ర్‌ను వట్టి మూలరూపంగా కుదించరాదనీ, శిష్యునికి ఆయన నిజమైన గురువుగా ఎదురవుతాడనీ ఆయన పట్టుబట్టాడు. ఇంద్రియ లోకానికీ శుద్ధ బుద్ధి లోకానికీ నడుమ ‘ఆలమె మిసాల్’ ఉన్నదనీ, అది అభూతకల్పన కాదనీ వివరించాడు. ఇది మదర్సా విద్యార్థికి కొత్త కాదు. షా వలీయుల్లా దెహ్లవీ ‘హుజ్జతుల్లాహిల్ బాలిగా’లో ఆ లోకానికి ఒక అధ్యాయమే కేటాయించారు. కాని కోర్బాఁ మాటను జేమ్స్ హిల్‌మన్ వంటి మనోవిజ్ఞానులు అందిపుచ్చుకున్నాక, లోకం పోయి ‘మిసాల్’ మాత్రం మిగిలింది. ఆ పదాన్ని దాని తావు నుండి పెకలించి ఎక్కడ పడితే అక్కడ వాడితే చెడిపోతుందని కోర్బాఁ స్వయంగా హెచ్చరించాడు.

ఇక తెలుగు సంగతి. యూంగ్ ‘సెల్ఫ్’ అన్నదానిని అనువాదకుడు ‘ఆత్మ’ అంటాడు. ఖుర్‌ఆన్‌లోని ‘నఫ్స్’ కూడా తెలుగులో ‘ఆత్మ’. ‘రూహ్’ కూడా ‘ఆత్మ’. ఉపనిషత్తుల ఆత్మ ఎటూ ఉండనే ఉన్నది. నాలుగు నదులు ఒక కాలువలో పడ్డాక ఏ నీరు ఎక్కడిదో ఏ రైతు చెప్పగలడు? చెడుకు పురిగొల్పే నఫ్స్‌ను ‘ఆత్మ’ అనిన అనువాదకుడు, తెలియకుండానే దానికి పీట వేస్తున్నాడు. ఇమాం గజాలీ ‘ఇహ్యా’లో హృదయపు వింతలను గురించిన భాగాన్ని ఖల్బ్, రూహ్, నఫ్స్, అఖ్ల్ అనే నాలుగు పదాల వివరణతోనే మొదలుపెట్టారు, ఒక్కొక్కదానికి రెండేసి అర్థాలున్నాయని విడమరిచారు. తొమ్మిది వందల ఏండ్ల క్రితపు ఆ జాగ్రత్త నేటి తెలుగు అనువాదాలలో కరవు.

‘పురాణం’ అన్న మాటకూ ఇదే గతి. ఖుర్‌ఆన్ గాథలను పూర్వుల కట్టుకథలు (అసాతీరుల్ అవ్వలీన్) అని మక్కా తిరస్కారులు అన్న మాట ఖుర్‌ఆన్‌లోనే పలుచోట్ల నమోదయింది. వారు ఈసడింపుగా అన్నదానిని ఎరానోస్ పండితులు పూజ్యభావంతో అంటారు. భావం మారింది, తీర్పు మారలేదు. ఆశ్చర్యమేమంటే ఈ బాధను విజయవాడలో బాగా ఎరిగినవాడు ముస్లిం కాడు. బందరు జాతీయ కళాశాలలోనూ, తరువాత విజయవాడ ఎస్.ఆర్.ఆర్. కళాశాలలోనూ పాఠాలు చెప్పిన విశ్వనాథ సత్యనారాయణ, పురాణం చరిత్రే గాని కల్పన కాదన్న పట్టుదలతో ‘పురాణవైర గ్రంథమాల’ పేర 12 నవలలు వ్రాశారు. ఆయన కాలగణనను ముస్లిం పాఠకుడు ఒప్పుకోనక్కరలేదు, చరిత్రకారులూ ఒప్పుకోలేదు. కాని తన గ్రంథాన్ని ఇతరులు ప్రతీకల మూటగా కట్టేస్తుంటే పుట్టే కోపాన్ని అర్థం చేసుకోవచ్చు.

ప్రమోదకుమారుని ఉదాహరణ ఇక్కడ మళ్ళీ పనికివస్తుంది. తాంత్రికుల నడుమ ఏమి చూసినా, బందరులో ఆయన కొలువు చిత్రకళోపాధ్యాయునిది. రేఖ, వర్ణం ఆయన బోధనాంశాలు. తనకు అధికారం ఉన్నదాని మేరకే నేర్పడం చిన్న సంగతి కాదు. యూంగ్ రోగుల స్వప్నాలను గురించి చెప్పిన మాటలకు అనుభవపు బలం ఉన్నది. సూరయె కహఫ్ దగ్గరకు వచ్చేసరికి ఆయన చేతిలో అనువాదం తప్ప మరేమీ లేదు.

డెల్టాలో కళాశాలకు వెళ్ళే ముస్లిం యువకుడు ఏదో ఒకనాడు యూంగ్ పుస్తకాన్ని అందుకుంటాడు. దానిని అతని చేతినుండి లాక్కోవలసిన పని లేదు. ‘ఇహ్యా’లోని ఆ నాలుగు పదాల ప్రకరణాన్ని ముందుగా తెలుగులో, నఫ్స్‌ను నఫ్స్‌గానే ఉంచి, అతనికి అందజేయాలి. నజ్దాకు ఇబ్నె అబ్బాస్ (రజి) వ్రాయించిన జాబును దాని పక్కన ఉంచాలి. శుక్రవారం సూరయె కహఫ్ పారాయణం ముగిశాక, మూసా (అలై) ఎందుకు ఊరుకోలేకపోయారో అడిగే పిల్లవానికి జవాబు చెప్పేందుకు ఇమాం గారు ఒక పావుగంట అక్కడే కూర్చోవాలి.