ఖాళీలో దెబ్బ

కొత్తవలస స్టేషన్లో విజయనగరం బండెక్కి కిటికీ పక్కన కూర్చుంటాం. పక్క లైన్లో కిరండూల్ బండి మెల్లగా కదులుతుంది. మన బండే బయల్దేరిందనిపిస్తుంది, పొట్టలో చిన్న కుదుపు కూడా తెలుస్తుంది. ఇటు తిరిగి చూస్తే ప్లాట్‌ఫారం స్తంభం ఉన్నచోటే ఉంటుంది. లోపలి చెవిలోని సమతూకపు అవయవం వేగం మారితేనే కబురు చెబుతుంది. ఒకే వేగంతో సాగే బండికీ ఆగిన బండికీ తేడా దానికి తెలీదు. అందుకే మెదడు కంటి మాట నమ్మేస్తుంది.

కంటకాపల్లి, అలమండ, కోరుకొండ దాటి ఆ బండిలోనే మృదంగం నేర్చుకోడానికి వెళ్లేవాణ్ణి. గురువుగారు మొదటి ఆరు నెలలూ మృదంగం ముట్టనివ్వలేదు. తాళమే. ఆది తాళం ఎనిమిది అక్షరాలు: దెబ్బ, మూడు వేళ్లు, దెబ్బ, విసర్జితం, దెబ్బ, విసర్జితం. విసర్జితంలో చెయ్యి తిరగేస్తాం, చప్పుడుండదు. నేను సరిగ్గా అక్కడే తొందరపడేవాణ్ణి.

"ఏటిరా, ఆ ఖాళీని తినేసినావు?" అనేవారు.

ఆ ఖాళీ నిండుగా ఉంటుందని చాలా ఏళ్లకు తెలిసింది. తలకు ఎలక్ట్రోడ్లు అతికించి, సమంగా వస్తున్న చప్పుళ్లలో ఒకదాన్ని ఎగరగొడితే, అది రావలసిన వేళకు మెదడులో స్పందన కనిపిస్తుంది. చెవిన ఏమీ పడలేదు, మెదడు మాత్రం ముందే అక్కడ కాచుకుని ఉంది. కదలకుండా లయ వింటున్నా సరే, ఒంటిని కదిలించే మెదడు భాగాలు పనిచేస్తూనే ఉంటాయి.

గోడ గడియారం దగ్గర కూర్చుని చూడండి. టిక్కులన్నీ ఒకటే. మనసులో తకధిమి అనుకుంటే నాలుగింటికోసారి బరువు పడుతుంది, తకిట అనుకుంటే మూడింటికి. 1894లోనే అమెరికన్ మనస్తత్వవేత్త థాడియస్ బోల్టన్ దీని గురించి రాశాడు. మన తాళగాళ్లకు అది రోజూ చేసే సాధన.

1919లో విజయనగరం సంగీత కళాశాల మొదలైనప్పుడు తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. చేతులు రెండూ, కాళ్లు రెండూ, తల, ఒక్కోదానికి ఒక్కో తాళం వేసేవారని చెప్పుకుంటారు. అయిదింటినీ ఒకేసారి గమనించడం ఎవరివల్లా కాదని నా నమ్మకం. సాధనతో వాటిని ఒంటికి అప్పజెప్పి, ఆయన ఎరుక పాట మీద ఉండి ఉంటుంది.

గురువుగారికి చివర్లో చెవులు వినిపించేవి కావు. ఓ సాయంత్రం నేను తొడమీద తాళం వేస్తుంటే, నా మణికట్టు మీద చెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నారు. మూడు ఆవర్తాలు సాగాయి. నాలుగోదాంట్లో, చివరి విసర్జితం దగ్గర, నా చెయ్యి గట్టిగా పట్టి ఆపారు.