కొండను పంచుకున్న శాంతి: కోండోర్ పార్కు కథను మన వైపు నుంచి చదవడం

రెండు దేశాలు ఒక కొండ కోసం కొట్టుకున్నాయి. చివరికి ఆ కొండను పార్కుగా మార్చి చేతులు కలిపాయి. శాంతి పార్కు గురించి ఎక్కడ చదివినా కథ దాదాపు ఇంతే. అందులో కనిపించే మనుషులు ఇద్దరే: ఇటు అధ్యక్షుడు, అటు అధ్యక్షుడు. తర్వాత పక్షులు, ఆర్కిడ్ పూలు, కప్పలు. కొండమీద తరతరాలుగా బతుకుతున్నవాళ్ళు కథ చివరన ఎక్కడో ‘స్థానిక ప్రజలు’ అన్న రెండు మాటల్లో ముగిసిపోతారు. ఆ రెండు మాటల దగ్గర మొదలుపెట్టి కథను మళ్ళీ చదువుదాం.

దక్షిణ అమెరికాలో ఈక్వడార్, పెరూ దేశాల మధ్య కోర్డియేరా దెల్ కోండోర్ అనే కొండల వరుస ఉంది. ఆండీస్ పర్వతాలకు తూర్పున, అమెజాన్ అడవిలోకి నేల దిగిపోయే చోట, మబ్బుల్లో తడిసే అడవి అది. 1941లో ఈ రెండు దేశాలు యుద్ధం చేశాయి. 1942లో రియోలో ఒప్పందం రాసుకున్నా, ఈ కొండల దగ్గర సుమారు 78 కిలోమీటర్ల మేర హద్దు రాళ్ళు పడనేలేదు. 1981లో మళ్ళీ కాల్పులు. 1995 జనవరిలో సెనేపా నది ఎగువన మళ్ళీ యుద్ధం, అడవి నిండా మందుపాతరలు. చివరికి 1998 అక్టోబరు 26న బ్రసీలియాలో జమిల్ మావాద్, అల్బెర్టో ఫుజిమోరి సంతకాలు చేశారు. హద్దుకు రెండు పక్కలా ఆనుకుని పార్కులు పెట్టాలన్నారు. పెరూ వైపు 5,440 హెక్టార్లు, ఈక్వడార్ వైపు 2,540 హెక్టార్లు.

ఆ ఒప్పందంలో ఒక ముక్క మనం ప్రత్యేకంగా చూడాలి. తివింజా అనే చోట ఈక్వడార్ సైనికులు పోరాడి ప్రాణాలు విడిచారు. ఆ నేల పెరూకే చెందుతుందని తేలింది. అయినా అందులో ఒక చదరపు కిలోమీటరును ఈక్వడార్ ప్రభుత్వానికి సొంత ఆస్తిగా ఇచ్చారు. సార్వభౌమాధికారం పెరూది, పట్టా ఈక్వడార్‌ది! పరాయి దేశంలో పట్టా పుట్టించగలిగిన చట్టానికి, ఆ కొండనే పుట్టిల్లుగా ఎరిగినవాళ్ళ పట్టా ఎందుకంత కష్టమైందో ఆలోచించండి.

ఆ కొండ ఎవరిది? షువార్, వాంపిస్, అవాహున్ ప్రజలది. ఈ భాషలన్నీ ఒకే కుటుంబానివి. షువార్ మాట, వాంపిస్ మాట ఒకదానికొకటి చాలా దగ్గర. మనలో చాలా తెగల్లాగే షువార్లలోనూ మేనత్త, మేనమామ బిడ్డలను చేసుకునే ఆచారం ఉంది. అంటే వాళ్ళ చుట్టరికాలు హద్దు రాయిని అడిగి నడిచేవి కావు. అలాంటి వాళ్ళను యుద్ధం రాగానే రెండు సైన్యాలూ వాడుకున్నాయి. అడవి దారి తెలిసినవాడు కావాలి కదా! ఈక్వడార్ సైన్యంలో ‘ఇవియా’ అనే దళాలు అడవి బిడ్డలతోనే నిండాయి. పెరూ వైపు అవాహున్, వాంపిస్ యువకులు దారి చూపించారు. ఒకే మాట మాట్లాడేవాళ్ళను ఎదురెదురుగా నిలబెట్టిన యుద్ధం అది. వాళ్ళ మధ్య లేని పగను రాజధానులు తెచ్చిపెట్టాయి. ఆ తర్వాత రాజధానులే వచ్చి శాంతిని కానుకగా ఇచ్చామన్నాయి.

శాంతి అనే మాటను మేము తక్కువ చేయడం లేదు. 1998 తర్వాత ఆ కొండల్లో రెండు సైన్యాలూ యుద్ధానికి దిగలేదు. మందుపాతరలు ఏరే పని ఏళ్ళ తరబడి సాగింది. పిల్లలు భయం లేకుండా అడవికి వెళ్ళగలిగితే అంతకన్నా కావలసిందేముంది? మా అభ్యంతరం ‘పార్కు’ దగ్గర.

మాటనే చూడండి. పార్కును తెలుగులో ఉద్యానవనం అంటున్నాం. ఉద్యానవనం అంటే రాజు నాటించినది. దానికి కంచె ఉంటుంది, కాపలావాడు ఉంటాడు, తెరిచే వేళ, మూసే వేళ ఉంటాయి. లోపలికి వచ్చేవాడు చూసి పోయేవాడే గాని అక్కడ ఉండేవాడు కాదు. కొండకు ఆ పేరు పెట్టగానే అక్కడ కాపురం ఉన్నవాళ్ళు ఆక్రమణదారులుగా మారిపోతారు. చట్టం రాయకముందే మాట ఆ పని చేసేస్తుంది. సాహిత్యం చదువుకునే మన పిల్లలు ముందు పట్టుకోవలసింది ఈ మాటనే.

అయినా అవాహున్, వాంపిస్ ప్రజలు పార్కును కాదనలేదు. ఇది చాలామందికి తెలియని సంగతి. 2000 తర్వాత పెరూ ప్రభుత్వం పెద్ద జాతీయ పార్కు పెడతామని సంప్రదింపులకు వచ్చింది. ఆ పథకానికి డబ్బిచ్చిన వాటిలో అంతర్జాతీయ ఉష్ణమండల కలప సంస్థ కూడా ఉంది. పేరు వింటే నవ్వు వస్తుంది, పోనీండి. ఊళ్ళలో సమావేశాలు జరిగాయి. తమ నదులు పుట్టే శిఖరాలను గనుల నుంచి కాపాడుతుందన్న నమ్మకంతో జనం ఒప్పుకున్నారు. 2004 నాటికి అంగీకారమైన విస్తీర్ణం సుమారు 1,52,000 హెక్టార్లు. 2007లో పార్కు ప్రకటన వెలువడింది. పేరు వాళ్ళ భాషలోనే, ‘ఇచిగ్కాట్ ముహా’ అని. విస్తీర్ణం మాత్రం 88,477 హెక్టార్లు. పేరు వాళ్ళది మిగిలింది, నేల దాదాపు సగం జారిపోయింది. తెగ్గొట్టిన భాగంలో బంగారు గనుల కంపెనీలకు దారి తెరుచుకుంది. సెనేపా సరిహద్దు ప్రజల సంఘమైన ఒదెకోఫ్రోక్ ఈ వ్యవహారాన్ని కాగితాలతో సహా బయటపెట్టి, ఆ నివేదికకు ‘ఒక మోసం వృత్తాంతం’ అని పేరు పెట్టింది. సంప్రదింపు జరగలేదని కాదు వాళ్ళ ఫిర్యాదు. జరిగింది, ఒప్పుకున్నారు, ఒప్పుకున్నది మారిపోయింది. అడగకపోవడం కన్నా అడిగి మార్చడం పెద్ద అన్యాయమని మేము అనుకుంటున్నాం. ఎందుకంటే ఆ తర్వాత ‘మిమ్మల్ని అడిగాం కదా’ అనే మాట ప్రభుత్వం చేతిలో ఉండిపోతుంది.

2009 జూన్ 5న బాగ్వా దగ్గర ఏం జరిగిందో దీన్ని పక్కన పెట్టుకుని చదవాలి. అమెజాన్ భూములను కంపెనీలకు సులువు చేసే ఉత్తర్వులకు వ్యతిరేకంగా అవాహున్, వాంపిస్ ప్రజలు రోడ్డు మీద బైఠాయించారు. అలాన్ గార్సియా ప్రభుత్వం పోలీసులను పంపింది. ఆ హింసలో 33 మంది చనిపోయారు, వారిలో 23 మంది పోలీసులు. తర్వాత రెండు ఉత్తర్వులను రద్దు చేశారు. శాంతి సంతకాలకు అప్పటికి పదకొండేళ్ళు కూడా నిండలేదు.

ఈక్వడార్ వైపు కూడా ఇదే కొండల వరుసలో మిరదోర్ రాగి గని 2019లో పని మొదలుపెట్టింది. 2016లో నంకింత్స్ అనే షువార్ ఊరిని మరో రాగి గని పథకం కోసం ఖాళీ చేయించారు. ఆ పథకంపై ముందుగా ప్రజలను సంప్రదించలేదని 2022లో ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానం తేల్చింది. రెండు దేశాల పార్కులూ పటంలో పచ్చగానే ఉన్నాయి.

ఇది కొత్త కథ కాదు. ప్రపంచంలో మొదటి శాంతి పార్కుగా చెప్పుకునే వాటర్టన్–గ్లేసియర్ 1932లో కెనడా, అమెరికాల మధ్య ఏర్పడింది. ఆ రెండు దేశాలు అప్పుడు యుద్ధంలో లేవు. అమెరికా వైపు కొండలను బ్లాక్‌ఫీట్ ప్రజలు 1895లో అమ్ముకోవలసి వచ్చింది, వేటకూ చేపలకూ కట్టెలకూ హక్కు ఉంచుకుని. 1910లో పార్కు రాగానే ఆ హక్కు చెల్లదన్నారు.

మన దగ్గరికి వస్తే, కొటియా ఊళ్ళు తమవేనని అటు ఒడిశా, ఇటు ఆంధ్రప్రదేశ్ దశాబ్దాలుగా పోట్లాడుకుంటున్నాయి. హద్దు తగాదాలో కొండ జనం ఎలా నలుగుతారో మన్యం ఉపాధ్యాయులకు మేము చెప్పనక్కరలేదు. పార్కు సంగతికి మాత్రం నల్లమల దగ్గరి పోలిక. పులుల కోసం అమ్రాబాద్ అడవిలో చెంచులకు ఎన్నో ఆంక్షలు. అదే అడవిలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకు 2019లో కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. జనం తిరగబడ్డాక తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానం చేసింది.

2006 అటవీ హక్కుల చట్టంలో నాలుగో సెక్షను ఉంది. వన్యప్రాణుల కోసమని ప్రజలను కదిలించాలంటే గ్రామసభ స్వేచ్ఛగా, అన్నీ తెలిసి ఒప్పుకోవాలి. అలా ఖాళీ చేయించిన నేలను తర్వాత మరే పనికీ మళ్ళించకూడదు. ఈ రెండో వాక్యాన్ని మన గ్రామసభల్లో చదివి వినిపించేవాళ్ళు చాలా తక్కువ. సెనేపా జనానికి అలాంటి వాక్యం చేతిలో ఉంటే 2007లో ఆ పార్కు హద్దును అంత తేలిగ్గా జరపగలిగేవాళ్ళా?

వాంపిస్ ప్రజలు తర్వాత వేరే దారి పట్టారు. 2015 నవంబరులో తమ స్వయంపాలన ప్రభుత్వాన్ని ప్రకటించుకుని, రెండు నదీ లోయల్లోని సుమారు 13 లక్షల హెక్టార్లను తమ నేలగా తామే పటం గీసుకున్నారు. పటం ముందు, సంప్రదింపు తర్వాత.

మన దేశంలో సియాచిన్ హిమానీనదాన్ని శాంతి పార్కుగా మార్చాలన్న ప్రతిపాదన చాలాకాలంగా ఉంది. సైనికుల ప్రాణాలు దక్కుతాయి కాబట్టి మంచి ఆలోచనే. ఆ కొండల కింద బల్తీ ప్రజలు గీతకు రెండు పక్కలా ఉన్నారు. 1971 యుద్ధంలో తుర్తుక్ ఊరు ఇటు వచ్చింది, చుట్టాలు అటు ఉండిపోయారు. ఆ ప్రతిపాదన మళ్ళీ పత్రికల్లోకి వచ్చినప్పుడు, తుర్తుక్‌వాళ్ళ మాట ఏ పేజీలో వేశారో వెతకండి.