క్రియాపదంలో దాగినవాడు

తెలుగులో గే జీవితం గురించిన సాహిత్యం ప్రస్తావన వస్తే రెండు రకాల జవాబులు వినిపిస్తుంటాయి. మనకు అలాంటిదేమీ లేదనేవారు కొందరు. క్షేత్రయ్య నాటి నుంచే ఉందనేవారు మరికొందరు. రెండూ తొందరపాటు మాటలే. క్షేత్రయ్య నాయికగా మారి మువ్వగోపాలుణ్ణి పిలవడం శృంగార భక్తిలో ఒక పద్ధతి. వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామగా జడ విసరడం ఒక విద్య. వేషాన్ని బట్టి వేషధారి మనసును నిర్ణయించే హక్కు మనకు లేదు. వారసత్వమంటే కంటబడిందల్లా మూట కట్టుకోవడం కాదు గదా!

నాందేడులో మనకు ఇంట్లో తెలుగు, గడప దాటితే మరాఠీ. అందువల్ల ఈ విషయంలో మనకొక సౌలభ్యం ఉంది. పక్కవారి అలమరలో ఏముందో చూడగలం. సచిన్ కుండల్కర్ నవల 'కోబాల్ట్ బ్లూ' నాకు అలా దొరికిందే. 2006లో మరాఠీలో వచ్చింది. అప్పటికి 377వ సెక్షన్ పూర్తిగా అమలులో ఉంది. సుప్రీంకోర్టు తీర్పు రావడానికి మరో పన్నెండేళ్లు పట్టింది.

కథ చిన్నది. పుణెలో ఒక మధ్యతరగతి ఇంట్లోకి ఒక యువకుడు అద్దెకు దిగుతాడు. అతనికి పేరుండదు. ఆ ఇంటి కొడుకు తనయ్ అతన్ని ప్రేమిస్తాడు. కూతురు అనుజ కూడా ప్రేమిస్తుంది. చివరికి అతను అనుజతో వెళ్లిపోయి, కొన్నాళ్లకు ఆమెనూ వదిలేస్తాడు. మొదటి భాగం తనయ్ ఆ వెళ్లిపోయినవాడితో చెప్పుకునే మాటలు. రెండోది అనుజ రాసుకున్న డైరీ. కూతురి కోసం ఇల్లంతా తల్లడిల్లుతుంది. అదే ఇంట్లో కొడుకు కూడా అంతే పోగొట్టుకున్నాడని ఎవరికీ తెలియదు. దుఃఖించడానికి కూడా ఇంట్లో ఒక హోదా కావాలన్న సంగతిని ఇంత నెమ్మదిగా చెప్పిన నవల నేను మరొకటి చదవలేదు.

దీన్ని తెలుగు చేయాలంటే ఒక చిక్కుంది. మరాఠీలో 'నువ్వు వచ్చావు' అనాలంటే మగవాడితో 'తూ ఆలాస్' అంటాం, ఆడమనిషితో 'తూ ఆలీస్' అంటాం. 'నేను వెళ్లాను' అన్నా అంతే: మగవాడు 'గేలో', ఆడది 'గేలే'. కాబట్టి తనయ్ నోరు విప్పగానే మాట్లాడేది మగవాడని, వింటున్నదీ మగవాడేనని వ్యాకరణమే సాక్ష్యం చెబుతుంది. దాచుదామన్నా కుదరదు. మన 'వచ్చావు', 'వెళ్లాను' ఎవరివైనా కావచ్చు. తెలుగులో తనయ్ పేజీలకు పేజీలు మాట్లాడినా, పేర్లు తెలియని పాఠకుడు ఏదో మామూలు విరహమే అనుకుంటాడు. ఈ సౌకర్యం వల్లనే మన భాషలో ఎన్ని ప్రేమలేఖలు పట్టుబడకుండా బతికాయో, ఎన్ని గుర్తింపు లేకుండా పోయాయో! అనువాదకుడు ఇక్కడ మొహమాటపడితే నవల సగం చచ్చిపోతుంది. 'ఒరేయ్' అన్న పిలుపు ఒకటి తొలి పేజీలోనే పడాలని నా అభిప్రాయం.

మరాఠీలోనూ ఇది ఒక్కరోజులో రాలేదు. విజయ్ తెండూల్కర్ 'మిత్రాచీ గోష్ట' 1981లో రంగస్థలం ఎక్కింది. సుమిత్ర అనే యువతి మరో యువతిని ప్రేమిస్తుంది. రోహిణీ హట్టంగడి ఆ పాత్ర వేశారు. సాహసమే, కాదనను. కానీ ఆ కథ మనకు చెప్పేది బాపు అనే స్నేహితుడు, చివరికి సుమిత్ర ఆత్మహత్య చేసుకుంటుంది. పాతికేళ్ల తర్వాత తనయ్ తన కథ తానే చెప్పుకున్నాడు, పైగా బతికి ఉన్నాడు. నాకు ఈ దూరమే ముఖ్యం.

తెలుగులోకి ఈ గొంతులు ఎక్కువగా పొరుగు భాషల దారినే వచ్చాయి. వసుధేంద్ర కన్నడ కథలు 'మోహనస్వామి'ని రంగనాథ రామచంద్రరావుగారు తెచ్చారు. రేవతి జీవితకథను పి. సత్యవతిగారు 'ఒక హిజ్రా ఆత్మకథ'గా అందించారు. దానికి 2019 సంవత్సరపు సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. హిజ్రా వేరు, గే వేరు. ఆ తేడా తెలియడానికైనా రెండూ చదవాలి. మన పత్రికలు ఏళ్ల తరబడి వాడిన 'స్వలింగ సంపర్కులు' అన్న మాటలో మనిషి లేడు, పడక మాత్రమే ఉంది. మరాఠీ వారి 'సమలింగీ' అంతకంటే మర్యాదైనది.

ఇక భద్రపరచడం సంగతి. ఒక గ్రంథాలయంలో రేవతి పుస్తకం కోసం ఆత్మకథల వరసంతా వెతికాను. చివరకు 'ఆరోగ్యం' అన్న చీటీ అంటించిన బీరువాలో, మధుమేహానికీ యోగాసనాలకూ మధ్య కనిపించింది. పుస్తకాన్ని తగలబెట్టనక్కర్లేదు, అలా పెడితే చాలు, వెతికేవాడికి దొరకదు. గ్రంథపాలకుడితో మాట్లాడి ఆత్మకథల్లోకి మార్పించాను. ఆయన అభ్యంతరం చెప్పలేదు. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదన్నారు.

'కోబాల్ట్ బ్లూ' మరాఠీ ప్రతి నా దగ్గరుంది. తనయ్ భాగాన్నైనా తెలుగు చేయడానికి పూనుకునేవారు పత్రిక చిరునామాకు రాస్తే పంపుతాను. చదివి తిరిగి ఇవ్వాలి సుమా.