అలజడి చిత్రాల్లో పిల్లలు

సినిమా విమర్శలో మనం సాధారణంగా అడగని ప్రశ్న ఒకటుంది. సామాజిక అలజడిని చూపే చిత్రంలో పిల్లవాడు ఏం చేస్తున్నాడు? ఏడవడం తప్ప అతనికి ఇంకేదైనా పని ఉందా?

1979లో గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, బి. నర్సింగరావు నిర్మాతల్లో ఒకరుగా వచ్చిన ‘మా భూమి’ని గుర్తుచేసుకోండి. అందులో పశువులు కాసే పిల్లవాడిపై సుద్దాల హనుమంతు రాసిన పాట ఉంది. ఆ పాట పిల్లవాడి అమాయకత్వాన్ని పొగడదు. చిరిగిన అంగీ, చెప్పుల్లేని కాళ్లు, కల్తీ గింజలతో కొలిచే జీతం, అందని చదువు: ఇవీ దాని విషయాలు. అంటే ఇక్కడ పిల్లవాడు శ్రామికుడు. వెట్టిని గురించి ఎన్ని ఉపన్యాసాలు విన్నా కలగని అవగాహన ఈ జీతగాణ్ణి చూస్తే కలుగుతుంది. పోచారం, ఉప్పల్ ప్రాంతాల అభ్యాసకుల్లో నల్లగొండ వైపు నుంచి వచ్చిన కుటుంబాలవారుంటే, ఇంట్లో పెద్దలను జీతం ఉన్న రోజుల గురించి అడిగి చూడండి. అయితే ఒక లోటు కూడా గమనించాలి. పాట మొత్తం పిల్లవాణ్ణి పలకరిస్తుంది, అతను మాత్రం బదులు చెప్పడు.

మణిరత్నం ‘బొంబాయి’ (1995)లో కవల పిల్లలపై అల్లరిమూక కిరోసిన్ పోసి మతం అడుగుతుంది. ఒళ్లు జలదరించే దృశ్యమే. కానీ అక్కడ పిల్లలు మన జాలికి ఆధారం మాత్రమే. వారి స్థానంలో ఏ పిల్లలున్నా కథ మారదు.

సి. ఉమామహేశ్వరరావు ‘అంకురం’లో రైలులో తోటి ప్రయాణికుడు వదిలివెళ్లిన పసిబిడ్డ సింధూర (రేవతి) చేతికి వస్తుంది. ఆ బిడ్డకు మాటలే రావు. అయినా కథను నడిపేది ఆ బిడ్డే. కన్నవారెవరని వెతుకుతూ వెళ్లిన గృహిణి పోలీసు నిర్బంధాన్ని, మాయమైన మనుషులను చూడవలసివస్తుంది. నినాదమిచ్చే పాత్ర కంటే ఈ మౌనం బలమైనదని నా అభిప్రాయం.

శ్రీలంక యుద్ధ నేపథ్యంలోని ‘అమృత’ (2002)లో మాత్రం తొమ్మిదేళ్ల దత్తపుత్రిక తానే ప్రశ్నిస్తుంది. కన్నతల్లిని చూడాలన్న ఆమె పట్టుదలే పెద్దలను యుద్ధభూమికి నడిపిస్తుంది. తల్లి ఎదురుపడినప్పుడు కూడా కౌగిలి కంటే ముందు ప్రశ్నలే. వాటికి ఆ పోరాటకారిణి దగ్గర సరైన జవాబుల్లేవు.

స్వయం పరిశీలన: మీరు చూసిన ఒక అలజడి చిత్రంలో పిల్లల పాత్రను తీసేస్తే కథలో ఏమి మారుతుందో పది పంక్తుల్లో రాయండి.