మాటాడుచు పరుగిడుట

ఉదయమున ఐదున్నర గంటలకు ఏ ఊరి ఉన్నత పాఠశాల మైదానమున నిలిచినను ఆరంభశూరత్వమన నేమో కన్నులార చూడవచ్చును. నిన్ననే కొన్న బూట్లు తొడిగికొని, మణికట్టున గడియారమును సరిచూచుకొని, వెనుకనెవరో తరుముచున్నట్లు బయలుదేరిన యువకుడు ఒక్క చుట్టయినను ముగియకమునుపే మోకాళ్లపై చేతులానించి రొప్పుచుండును. నాలుగవనాడు అతని పిక్క పట్టుకొనును. పదవనాడు అతడు మైదానమున కానరాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరుగడని మనవారు ఊరక అనలేదు. నేనును ఒకప్పుడట్టి బిచ్చగాడనే గనుక దీనిని పరిహాసమునకు చెప్పుట లేదు.

పరుగు నేర్వగోరువానికి మార్గములకు కొదవ లేదు. 1952 హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో ఐదువేల మీటర్లు, పదివేల మీటర్లు, మారథాన్, ఈ మూడింటను స్వర్ణపతకములు గొన్న చెకోస్లొవేకియా వీరుడు ఎమిల్ జాటోపెక్, నాలుగు వందల మీటర్ల దూరమును వడిగా పరుగెత్తి, నడుమ మెల్లగా సాగి, మరల వడినందుకొని, ఒక్కనాడే పదులకొలది పర్యాయములు అట్లు చేయుచుండెడివాడు. అంతకు పూర్వమే, 1930 దశాబ్దమున, స్వీడను దేశమున గోస్టా హోల్మేర్ అను శిక్షకుడు, అడవిబాటల వెంట మనసైనచోట వేగిరపడి మనసైనచోట నిదానించు పద్ధతి నొకదానిని నిర్మించి, దానికి వేగక్రీడ యను అర్థము వచ్చునట్లు ఫార్ట్‌లెక్ అని పేరిడెను. రెండును గొప్ప విద్యలే. అయినను అవి పరుగెత్తుట ఇదివరకే వచ్చినవారి విద్యలు. ఓనమాలు దిద్దువాని చేతికి వ్యాకరణమిచ్చిన ఫలమేమి?

ఆ ఓనమాలను కూర్చినవాడు న్యూజిలాండు దేశస్థుడు ఆర్థర్ లిడియార్డ్. 1917లో ఆక్లండు నగరమున జన్మించి, బూట్ల కర్మాగారమున పనిచేయుచు, రగ్బీ ఆడుచుండువాడు గనుక తన దేహదార్ఢ్యమునకు లోటు లేదని నమ్మియున్న ఆయనను, వయసున పెద్దయైన మిత్రుడొకడు ఒకనాడు కొన్ని మైళ్ల పరుగునకు తోడ్కొనిపోయెను. ఆ మిత్రుడు సునాయాసముగ సాగిపోవుచుండగా లిడియార్డుకు ఊపిరి సలుపలేదు. ఇప్పుడే ఇట్లున్నచో వార్ధక్యమున తన గతి యేమగునను చింత ఆయనను పట్టుకొన్నది. గురువులను వెదకక, తన దేహమునే ప్రయోగశాలగా జేసికొని, ఒకవారము మిక్కిలి దూరమును మరియొకవారము స్వల్పదూరమును పరుగెత్తి చూచి, సంవత్సరములకొలది శ్రమించి ఆయన కనుగొన్న రహస్యమిది: వేగమునకు పునాది వేగము కాదు, దీర్ఘకాలము నెమ్మదిగా పరుగెత్తగలుగుటయే.

దాని ఫలము 1960 సెప్టెంబరు 2వ తేదీన రోము ఒలింపిక్ క్రీడలలో లోకమునకు తెలిసినది. ఆయన శిష్యుడు పీటర్ స్నెల్ ఎనిమిది వందల మీటర్ల పరుగును గెలిచిన కొంతసేపటికే, రగ్బీ ఆటలో దెబ్బతిని ఎడమచేయి కృశించిన మరియొక శిష్యుడు మర్రే హాల్‌బర్గ్ ఐదువేల మీటర్ల పరుగును గెలిచెను. మారథానున కాంస్యము గొన్న బారీ మెగీయు ఆయన శిష్యుడే. రెండు నిముషములైనను పట్టని పందెమునకు సిద్ధమగు స్నెల్ చేత సైతము ఆయన వైయటారువా కొండదారిలో ఇరువదిరెండు మైళ్లు పరుగెత్తించెడివాడు! ముందు నెలల తరబడి నెమ్మదియైన దూరము, పిమ్మట ఎగుడుదారులు, ఆపైన వడిగల పరుగులు, కట్టకడపట విశ్రాంతి: ఇది ఆయన క్రమము. దుక్కి దున్నక విత్తు చల్లరాదని ఎరిగిన మన రైతునకు ఇది వింతగా తోపదు. ఆయన తన వీరులకు విధించినది వారమునకు నూరు మైళ్లు. ఆ సంఖ్యను విని మోసపోవలదు. క్రొత్తవారు గ్రహింపవలసినది ఆ దూరమును గాదు, ఆ నిదానమును.

నిదానమునకు కొలత యేమి? గడియారము గాదు, నాలుక. పరుగెత్తుచు ప్రక్కవానితో వాక్యమును తడబడక ముగింపగలిగిన ఆ వడి సరియైనది. మాటలు తునకలైనచో అధికమైనది. మరియొక కొలతయు కలదు. ఇల్లు విడిచి ఐదు నిముషములు ముందునకు పోయి, వెనుదిరుగుడు. తిరుగుదారికి ఐదు నిముషములు మించినచో పోవునపుడు తొందరపడితిరన్నమాట. మొదటి దినములలో ఒక నిముషము పరుగు, రెండు నిముషముల నడకగా అరగంట సాగిన చాలును. వారమునకు మూడు నాలుగు దినములు చాలును. మన వేసవులలో ఎండ వేడిమికి గుండె మరింత కొట్టుకొనును గనుక, సూర్యోదయమునకు ముందే బయలుదేరియు, మాఘమాసపు వడిని వైశాఖమున కోరకుండవలెను.

ఇట్లేల చేయవలెనన్న దానికి దేహధర్మమే సమాధానము. నెమ్మదియైన పరుగుచేత గుండె ఒక్కొక్క స్పందనమున అధికరక్తమును పంపనేర్చును. కండరములలో సూక్ష్మమైన కేశనాళికలు వృద్ధిపొందును. ఊపిరికి వారములలోనే బలము చేకూరును గాని, ఎముకలును, కండరములను వాటికి కట్టియుంచు స్నాయుబంధనములును నెలలకొలది సమయము కోరును. ఊపిరి పిలిచినంత వేగమునకు కాలు సిద్ధముగా నుండదు. మోకాటి దిగువ ముంగాలి ఎముక నొప్పి పెట్టుట ఈ తగవువలననే. ఇది తెలియక నేను రెండు మాసములు మంచమునకు, కుర్చీకి నడుమ కుంటితిని.

ఈ విద్యలో కష్టమంతయు అహంకారమునకే. నేను మెల్లగా పరుగిడుచుండగా, చెంగు బిగించి చేతులూపుచు నడచుచున్న పెద్దమ్మ యొకతె నన్ను దాటిపోయి, వెనుదిరిగి, "ఏం నాయనా, కాలికేమైన దెబ్బ తగిలెనా?" అని జాలిగా ప్రశ్నించినది. ఇట్టి అనుభవము నాకొక్కనికే దక్కినది కాదు. ఆక్లండున 1962లో లిడియార్డ్ నెలకొల్పిన సంఘమున, గుండెజబ్బుతో బాధపడిన నడివయసు వారే పలువురు ఇట్లు పరుగిడ నేర్చిరి. అమెరికానుండి చూడవచ్చిన ఓరిగన్ విశ్వవిద్యాలయ శిక్షకుడు బిల్ బోవర్‌మన్ వారితో పరుగెత్త బూని వెనుకబడగా, గుండెపోట్లనుండి బ్రతికి బయటపడిన వృద్ధుడొకడు ఆయనకు తోడుగా ఆగి ఆగి సాగెనట. బోవర్‌మన్ స్వదేశమునకు మరలి, వైద్యుడొకనితో కూడి 1967లో వెలువరించిన 'జాగింగ్' అను పుస్తకము ఆ దేశమంతట ఈ అలవాటును వ్యాపింపజేసినది.

కావున రేపు ఉదయమున గడియారమును ఇంటనే యుంచి, మాటకారియైన మిత్రుని ఒకనిని వెంటబెట్టుకొని పొండు.